ఫార్మాట్ రిపేరు కాదు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత నా దగ్గరికి వస్తున్న పాత కంప్యూటర్లలో చాలావాటిది ఒకటే కథ. విండోస్ 11 వేసుకుందామని చూస్తే ఈ పీసీ అర్హతలకు సరిపోదని తెర చెబుతుంది. సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే సరిపోతుందని ఎవరో సలహా ఇస్తారు. అందుకోసం బయాస్‌లోకి వెళ్లి, లెగసీ అని ఉన్నచోట యూఈఎఫ్‌ఐ పెట్టి, సేవ్ చేసి బయటికొస్తారు. ఇక విండోస్ రాదు. బూట్ అయ్యే డిస్క్ ఏదీ లేదని నల్ల తెర మీద ఒక్క వాక్యం మాత్రం కనిపిస్తుంది.

ఇరుగుపొరుగు వాళ్లవి, చుట్టాలవి, తెలిసిన డీటీపీ సెంటర్లవి కంప్యూటర్లు బాగుచేసి పెట్టడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న ఇష్టమైన పని. ఆ అనుభవంతో గట్టిగా చెప్పగలిగే మాట ఒకటుంది. బూట్ సెట్టింగ్ మార్చడం వల్ల ఆగిన కంప్యూటర్‌లో సాధారణంగా పోయిందంటూ ఏమీ ఉండదు. ఏదైనా పోతే, ఆ తర్వాత కంగారులో చేసే పనుల వల్లే పోతుంది.

పవర్ బటన్ నొక్కగానే ముందు మేల్కొనేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉన్న బయాస్ అనే చిన్న ప్రోగ్రాం. ర్యామ్, డిస్‌ప్లే, కీబోర్డు సరిచూసుకుని, విండోస్‌ని మొదలుపెట్టే ఫైలు ఎక్కడుందో వెతకడం దాని పని. లెగసీ అనే పాత పద్ధతిలో అది డిస్క్‌లోని మొట్టమొదటి 512 బైట్లు చదువుతుంది. ఎంబీఆర్ అనే ఈ ఏర్పాటు 1983 నాటిది. కొత్త పద్ధతి అయిన యూఈఎఫ్‌ఐ ఆ బైట్లలోని బూట్ కోడ్‌ను పట్టించుకోదు. డిస్క్‌లో ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న ఒక చిన్న పార్టిషన్‌లోకి వెళ్లి, అక్కడి ఫైలును తెరుస్తుంది. మామూలుగా ఈ పార్టిషన్ మన కంటికి కనిపించదు. పాత పద్ధతిలో విండోస్ వేసిన డిస్క్‌లో అసలు ఉండనే ఉండదు. ఇంటి నంబర్లు మార్చేసిన వీధిలో పోస్ట్‌మ్యాన్‌కి ఇల్లు దొరకదు, ఇంట్లోవాళ్లు మాత్రం ఇంట్లోనే ఉంటారు. ఇక్కడ జరిగిందీ అంతే. విండోస్ ఉంది, ఫొటోలు ఉన్నాయి, ఫైళ్లు ఉన్నాయి. దారి మాత్రమే తప్పింది.

కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఆగిపోయే ముందు చివరగా ఏం మార్చారు?" జవాబు దొరికితే సగం పని అయినట్టే. దాన్ని తిరిగి మునుపటిలా పెట్టాలి. ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే చాలా కంప్యూటర్లలో బయాస్ తెరుచుకుంటుంది. హెచ్‌పీ వాటిలో ఎఫ్10 వాడతారు. లెగసీ లేదా సీఎస్ఎం అని ఉన్నదాన్ని మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ ఏమీ జరగనట్టే వచ్చేస్తుంది.

పెళ్లిళ్ల సీజన్‌లో ఒక డీటీపీ ఆపరేటర్ ఇలాగే ఫోన్ చేశాడు. శుభలేఖల ఫైళ్లు, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి దాచుకున్న డిజైన్లు అన్నీ ఆ డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయి. "విండోస్ పోయిందంట సార్, ఫార్మాట్ కొట్టాలంటున్నారు. డీ డ్రైవ్‌లో ఉన్నవి ఉంటాయి కదా?" అని అడిగాడు. నేను వెళ్లేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వొద్దన్నాను. సీఎస్ఎం ఆపేయడంతో అతని కంప్యూటర్‌లో డిస్‌ప్లే కూడా రావడం లేదు. యూఈఎఫ్‌ఐకి మద్దతు లేని పాత గ్రాఫిక్స్ కార్డులతో ఇలా జరుగుతుంది. బయాసే కనిపించకపోతే సెట్టింగ్ మార్చేదెలా? కరెంటు ప్లగ్ తీసి, మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 బటన్ బ్యాటరీని కాసేపు పక్కన పెట్టి, మళ్లీ బిగించాను. బయాస్ తొలి స్థితికి వెళ్లింది, డిస్‌ప్లే వచ్చింది, వెనకే విండోస్ వచ్చింది. ఒక్క శుభలేఖ కూడా పోలేదు.

అతను డీ డ్రైవ్ గురించి అడిగిన ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. "ఫార్మాట్ చేస్తే సీ మాత్రమే పోతుంది, డీ, ఈ భద్రం" అని మనవాళ్లలో గట్టి నమ్మకం ఉంది. మామూలు ఫార్మాట్‌కి అది నిజమే. కానీ యూఈఎఫ్‌ఐలోకి మార్చిన కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేయబోతే, ఈ డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో ఉంది కనుక కుదరదని ఇన్‌స్టలేషన్ ఆగుతుంది. అప్పుడు చాలామంది చేసే పని పార్టిషన్లన్నీ డిలీట్ చేసి మొత్తం డిస్క్‌ని కొత్తగా మొదలుపెట్టడం. దాంతో సీతో పాటు డీ, ఈ కూడా పోతాయి. పిల్లల చిన్ననాటి ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, పుస్తకం రాతప్రతులు ఇలా పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. వాళ్ల డిస్క్‌లో అప్పటిదాకా ఏ లోపమూ లేదు.

"లోడ్ డిఫాల్ట్స్" అన్న ఆప్షన్ దగ్గర కూడా జాగ్రత్త అవసరం. డిఫాల్ట్ అంటే ఫ్యాక్టరీలో పెట్టిన స్థితి. మీ కంప్యూటర్ నిన్నటిదాకా నడిచిన స్థితి అదే కావాలని లేదు. డిస్క్‌తో కంప్యూటర్ మాట్లాడే తీరును నిర్ణయించే సాటా మోడ్ దీనికి మంచి ఉదాహరణ. రెయిడ్‌లో ఉండగా విండోస్ వేసి, తర్వాత ఏహెచ్‌సీఐకి మారిస్తే, మొదలవుతూనే నీలి తెర వచ్చి ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటుంది. విండోస్‌కి తన డిస్క్‌తో మాట్లాడే డ్రైవర్ ఆ క్షణంలో అందుబాటులో లేకపోవడమే కారణం. మోడ్ వెనక్కి మారిస్తే సరిపోతుంది. నిజంగానే మార్చాలంటే ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, అప్పుడు మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేవనిచ్చి, ఆ తర్వాత మామూలుకి తేవాలి.

ల్యాప్‌టాప్‌ల సంగతి ఇంకొంచెం సున్నితం. ఈమధ్య వచ్చే వాటిలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్ అయి ఉంటుంది, యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు. సెక్యూర్ బూట్ లాంటి సెట్టింగ్ కదిలించగానే టీపీఎం అనే భద్రతా చిప్ ఆ మార్పు గమనిస్తుంది, విండోస్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. అది దొరక్కపోతే ఎంతటి నిపుణుడైనా ఆ డిస్క్ తెరవలేడు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లోపంతో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేస్తే ఆ యంత్రాలు లేచేవి. చాలా సంస్థల్లో ఆలస్యమైంది ఆ రికవరీ కీలు వెతకడం దగ్గరే. పెద్ద పెద్ద ఐటీ విభాగాలకే అలా అయినప్పుడు ఇంట్లో వాడే మనం ఆ 48 అంకెలు ముందే కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

ఇంతకీ విండోస్ 11కి వెళ్లే సరైన దారి ఉంది. ముందు మీ ప్రాసెసర్ అర్హత జాబితాలో ఉందో లేదో చూడండి. ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం నుంచే ఉంటుంది. అది లేకుండా సెక్యూర్ బూట్ కోసం బయాస్‌లో తంటాలు పడటం వృథా. ప్రాసెసర్ సరిపోతే ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే పరికరంతో డిస్క్‌ని పరీక్షించి, అది సరేనంటే యూఈఎఫ్‌ఐకి కావాల్సిన జీపీటీ పద్ధతిలోకి మార్చండి. బయాస్‌లో యూఈఎఫ్‌ఐ పెట్టాల్సింది ఆ తర్వాతే. సీ, డీ, ఈ, ఎఫ్ అని విడగొట్టించుకున్న మన అసెంబుల్డ్ పీసీల్లో కొన్ని డ్రైవ్‌లు ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల ఉంటాయి. అలాంటి డిస్క్‌ని ఈ పరికరం ఒప్పుకోదు. ఒప్పుకోనప్పుడు బలవంతం చేయకుండా వదిలేయాలి.

బయాస్‌లో అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ నాదొక విన్నపం. ఏదీ మార్చకముందే ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, కంప్యూటర్ లేచిందో లేదో చూసి రెండోదానికి వెళ్లండి. ఆగిపోతే చివరి మార్పును వెనక్కి తీసుకోండి. డిస్క్ మీద రాసే పని ఏదైనా అన్నిటికన్నా చివర.

మెకానిక్ మిత్రులు నాతో అనే మాట ఒకటుంది. ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తే కస్టమర్ మారు మాట్లాడకుండా డబ్బులిస్తాడు. అదే ఒక సెట్టింగ్ సరిచేసి నిమిషాల్లో లేపితే, ఇంత చిన్న పనికి డబ్బులేంటని బేరమాడతాడు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి చిన్న ఊళ్లో సెల్ షాపు పక్కనున్న రిపేరు కొట్టు దాకా ఇదే పరిస్థితి. ఇందులో తప్పు వాళ్ల ఒక్కళ్లదే కాదు. చేసిన పనికి గంటల లెక్కన విలువ కట్టే మన అలవాటే వాళ్లను ఫార్మాట్ వైపు నెడుతోంది. అందుకే ఈసారి కంప్యూటర్ ఆగి షాపుకి వెళ్లినప్పుడు ఏం మార్చారో దాచకుండా చెప్పండి. "ఫార్మాట్ వద్దు, ముందు కారణం చూడండి" అనండి. అతను పది నిమిషాల్లో కారణం పట్టుకుని మీ ఫైళ్లన్నీ భద్రంగా అప్పగిస్తే, ఫార్మాట్‌కి ఇచ్చేదానికన్నా ఎక్కువే ఇవ్వండి.