కార్పసల్ - కణము: ఒక పద విమర్శ

శాస్త్రమునందు ఒక మాటకు ఒక అర్థమే యుండుట మేలు. ‘కార్పసల్’ అను ఆంగ్లపదము ఈ నియమమునకు లోబడలేదు. లాటిను భాషలో ‘కార్పస్’ అనగా దేహము. ‘కార్పస్కులమ్’ అనగా చిన్న దేహము. ఎంత చిన్నదో, దేనితో నైనదో ఆ మాట చెప్పదు. చిక్కంతయు ఇందుండియే పుట్టినది.

17వ శతాబ్దమున రాబర్ట్ బాయిల్ పదార్థమెల్ల కార్పసల్స్‌తో నిర్మితమైన దనెను. కాంతియు సూక్ష్మకణముల ప్రవాహమే యని న్యూటన్ భావించెను. 1897లో జె. జె. థామ్సన్ కాథోడు కిరణములలోని ఋణవిద్యుత్కణములను కార్పసల్స్ అనియే పిలిచెను. కాని విద్యుదావేశపు ప్రమాణమునకు స్టోనీ 1891లో సూచించిన ‘ఎలక్ట్రాన్’ అను పేరే తుదకు వానికి నిలిచినది.

జీవశాస్త్రమున సంగతి వేరు. ఎర్ర రక్తకణపు వ్యాసము మిల్లీమీటరులో వేయింట 7 లేక 8 వంతులు. చర్మములోని పాసీనియన్ కార్పసల్ పొడవు ఇంచుమించు 1 మిల్లీమీటరు. అది కంటికే కనబడును. పైగా అది ఒక కణము కాదు. నాడి కొనను పెక్కు పొరలు చుట్టుకొనగా నేర్పడిన స్పర్శాంగము.

తెలుగున ఈ చిక్కు ఇనుమడించినది. కార్పసల్, పార్టికల్, సెల్ - ఈ మూడింటికిని పాఠ్యగ్రంథములు ‘కణము’ అనియే వ్రాయుచున్నవి. భౌతికశాస్త్రమున ‘కణసిద్ధాంతము’ అనగా న్యూటన్ కాంతిసిద్ధాంతము. జీవశాస్త్రమున అదే మాట 1838-39లో ష్లైడెన్, ష్వాన్ ప్రతిపాదించిన సిద్ధాంతము. రెండు పుస్తకములును ఒకే విద్యార్థి సంచిలో నుండును! ‘ఆల్ఫా కణమునకు ప్రాణమున్నదా?’ అని అతడు అడిగినచో తప్పు అతనిది కాదు.

రక్తపాఠమున ఈ అస్పష్టత మరింత హాని చేయును. తెల్లకణములు కేంద్రకము గల సంపూర్ణ జీవకణములు. మానవుని పక్వమైన ఎర్రకణమునకు కేంద్రకము లేదు. రక్తఫలకికలు ఎముకమజ్జలోని పెద్ద కణములనుండి విడివడిన తునుకలు మాత్రమే. మూడింటిని ‘రక్తకణములు’ అని ఒక్క గాటను గట్టినచో విద్యార్థి ప్రతిదానియందును కేంద్రకమును వెదకును. లేనిచోట కంఠస్థము చేయుటకు దిగును. ఆంగ్లమున సైతము నేడు రక్తమునకు సంబంధించి ‘కార్పసల్’ వెనుకబడి ‘సెల్’ వాడుకయే ప్రబలినది.

ఇందుకు క్రొత్త పదములను సృష్టింప నవసరము లేదు. ‘కణము’ అనగా నూక, చిన్న తునక. ఈ అర్థము పార్టికల్‌కు చక్కగా సరిపోవును. సెల్‌ను ‘జీవకణము’ అనియు, ష్వాన్ ప్రభృతుల సిద్ధాంతమును ‘జీవకణ సిద్ధాంతము’ అనియు, న్యూటన్‌దానిని ‘కాంతికణ సిద్ధాంతము’ అనియు వ్రాసిన చాలును. ఎర్ర, తెల్ల రక్తకణముల పేర్లు వాడుకలో స్థిరపడినవి గనుక అట్లే యుండవచ్చును; ఫలకికలను మాత్రము వానితో కలపరాదు. పాసీనియన్ కార్పసల్‌ను ఆ పేరుతోనే చెప్పుట మంచిది.

పుస్తకములు మారువరకును ఈ భారము ఉపాధ్యాయునిదే. నల్లబల్లపై ‘కణము’ అని వ్రాయునప్పుడెల్ల దాని ముందు ఏ కణమో తెలుపు మాట నొకటి చేర్చినచో తరగతికి ఎంతయో మేలగును.