వాన ఏ వైపున?

మా మేనకోడలు ఆగస్టులో శ్రీలంక వెళ్తోంది. టూర్ ఏజెంటు ఇచ్చిన ప్లాను మొన్న ఆదివారం పంపి, "ఒకసారి చూసి చెప్పు మామయ్యా" అంది. ఐదు రోజులు, ఏడు ఊళ్లు. అందులో రెండు రాత్రులు బెంతోట, మిరిస్సా. చూడగానే ఒళ్లు మండింది. ఆగస్టులో ఆ తీరం మీద నైరుతి రుతుపవనాలు ఉంటాయి, సముద్రం మంచి పోటు మీదుంటుంది. మిరిస్సాలో తిమింగలాలు చూడ్డానికి అసలు కాలం నవంబరు నుంచి ఏప్రిల్.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా చాదస్తం తెలుసు: ముందు వాన, తర్వాతే హోటలు. శ్రీలంక 65,610 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. అయినా వానాకాలాలు రెండు. నైరుతి వైపు తడిసే నెలల్లో తూర్పు తీరం పొడిగా ఉంటుంది. కాబట్టి ఆగస్టులో పోవాల్సింది ట్రింకోమలీకి. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా మనం చెప్పుకునే శాంకరీదేవి అక్కడే. మా అక్కయ్య ఎన్నాళ్లనుంచో అడుగుతోంది.

బెంతోట కొట్టేశాను, మిరిస్సా కొట్టేశాను. తర్వాత కాండీ నుంచి ఎల్లా రైలు. కొండల మీదా అదే వాన కదా, అదీ కొట్టేయాలి. పెన్ను కదల్లేదు.

పన్నెండేళ్ల కిందట జులైలో నేను ఆ రైలెక్కాను. నాను ఓయ దాటాక మబ్బు తప్ప ఏమీ లేదు. టీ తోటలు లేవు, లోయ లేదు. కిటికీలు మూసేశారు. పిల్లల నోట్‌బుక్కు కాగితంలో చుట్టిచ్చిన వేడి పరిప్పు వడలు తింటూ, ఆ నెలలో వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను. 6,200 అడుగుల ఎత్తున పట్టిపొల స్టేషన్ వచ్చింది, తర్వాత సొరంగం. చీకట్లోంచి బయటికొస్తే ఎండ! ఒహియా వైపు కొండలు ఆరిపోయి, దూరదూరాలకు కనిపిస్తున్నాయి. పెట్టెలో ఉన్నవాళ్లంతా ఒక్కసారే కిటికీలు ఎత్తారు. నైరుతి వాన ఆ శిఖరం దగ్గరే చాలావరకు ఆగిపోతుందని పక్కనున్న పెద్దాయన చెప్పాడు. పుస్తకంలో చదివిన వర్షచ్ఛాయ నా మొహం మీదే ఆరింది. పొడి నెలలో వెళ్లుంటే అది నాకు దక్కేదే కాదు.

రైలు ఉంచాను. ఆ లైన్లో ఎక్కడిదాకా నడుస్తోందో ముందు కనుక్కోమన్నాను. ఒహియా రాగానే ఫోన్ చెయ్యమన్నాను, వాన ఏ వైపునుందో చెప్పమని.