ఎండ దిద్దిన గులాబి

మార్గశిర మాసపు పొద్దున ఒక్కసారి మా డాబా మీదికి రండి. పిట్టగోడ వారగా పన్నెండంగుళాల మట్టి కుండీ, రాత్రి మంచుకు తడిసి, ఒళ్లంతా చెమ్మతో, తొలకరి వాసనతో ఉంటుంది. అందులో మోకాలెత్తు మొక్క. కొసన ఒకే ఒక్క పువ్వు, డబుల్ డిలైట్! గుత్తులుగా విరగబూసే రకాలూ నాకు ప్రియమే. కానీ కుండీకి అందం కాడకొక్క పువ్వే.

1977లో అమెరికాలో లోకం ముందుకొచ్చిన గులాబి ఇది. నాది కడియంలో కొన్న అంటు, ఒడిలో పెట్టుకుని రైల్లో తెచ్చుకున్నాను. మొదట వాటర్ ట్యాంకు నీడన ఉంచాను. పూసింది. అంతా మీగడ రంగే! ముత్యపుచిప్ప లోపలి మెరుపులాంటి తెలుపు, అంచున మాత్రం చెప్పీ చెప్పని సిగ్గు. దాన్నీ తనివితీరా చూశాను. తరవాత కుండీని తూర్పు పిట్టగోడ దగ్గరికి జరిపాను. నెలన్నర తిరిగేసరికి మరో విడత మొగ్గలు. ఈసారి విప్పారిన ప్రతి రేకు అంచునా కుంకుమ! ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే ఈ పువ్వుకు ఆ ఎరుపు. పొద్దున గీతగా మొదలై, మధ్యాహ్నానికి చారెడై, సాయంత్రానికి పాలలో పారాణి కలిసినట్టు లోపలికి పాకుతుంది. నేలన పాతిన గులాబి ఉన్నచోటే ఉండి తన అందం తాను చూపిస్తుంది. కుండీలోది మనతో నడిచొచ్చి, మనం చూపిన వెలుగులో రంగు దిద్దుకుంటుంది. సూర్యుడి చేతికి కుంచె అందించిన భాగ్యం నాది, ఎంత భాగ్యం!

ఇక పరిమళం. దానికి నీడా ఎండా ఒకటే. వంగి ఊపిరి పీల్చండి. ముందు తీపి, వెనకే లవంగం నమిలినంత ఘాటు. కళ్లు వాటంతటవే మూతపడతాయి. అంత రంగునీ ఎదురుగా పెట్టుకుని కళ్లు మూసుకోవడం!

మూడోనాటికి తెలుపు దాదాపు కరిగిపోయింది, పువ్వంతా ఎరుపే. మధ్యాహ్నపు గాలికి ఒక రేకు రాలి, కుండీలోని తడిమట్టి మీద చిన్న దోనెలా నిలిచింది. చేతిలోకి తీసుకున్నాను. రేకు మొదలు దగ్గర, ఎండ చేరని గోరంత మేర, ఇంకా మీగడ రంగే.