అంచు దగ్గర అర మిల్లీమీటరు

శాశ్వత అయస్కాంత మోటారు ఒకటి బల్ల మీద ఉంది. మూడు ఫేజుల తీగలూ దేనికీ తగిలించలేదు. బేరింగులు కొత్తవి, గ్రీజు సరిగానే ఉంది. ఇరుసును రెండు వేళ్లతో మెల్లగా తిప్పితే అది సాఫీగా తిరగదు. కాస్త కదిలి ఒకచోట నిలబడిపోతుంది. ఇంకొంచెం బలం పెడితే అక్కణ్ణించి లేచి, తర్వాతి మజిలీకి తనంతట తానే ఉరుకుతుంది. కరెంటు లేకుండానే వేళ్లకు తెలిసే ఈ పట్టు పేరు కాగింగ్ టార్క్. మోటారుకు పనికొచ్చే బలాన్ని ఇది రవ్వంత కూడా ఇవ్వదు. సగం దూరం వెనక్కి లాగి, మిగతా సగం ముందుకు తోస్తుంది. చుట్టు మొత్తానికి లెక్క సున్నా, మిగిలేది కుదుపు, చప్పుడు. దీన్ని అణచడానికి డిజైనర్లు అయస్కాంతపు ఆకారం మీద చేసిన పని మోటారు విద్యలోకెల్లా అందమైన పనుల్లో ఒకటి.

మోటార్ల మాట హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతానికి కొత్తది కాదు. శంకర్‌పల్లి మండలం కొండకల్‌లో 2023 జూన్ 22న మేధా సంస్థ రైలు పెట్టెల కర్మాగారం ప్రారంభమైంది. 1984లో హైదరాబాద్‌లో పుట్టిన ఆ సంస్థే తొలి వందే భారత్ రైలుకు విద్యుత్ చోదక వ్యవస్థ సమకూర్చింది. ఆ రైలు మోటార్లు ఇండక్షన్ రకానివి. వాటిలో తిరిగే భాగమైన రోటార్‌లో అయస్కాంతాలు ఉండవు కాబట్టి మనం చెప్పుకుంటున్న పట్టు వాటికి లేదు. అయితే శాశ్వత అయస్కాంతాలు రైళ్లలోకి ఎప్పుడో వచ్చేశాయి. 2007 ఏప్రిల్ 3న ఫ్రాన్స్‌లో గంటకు 574.8 కిలోమీటర్ల వేగంతో పట్టాల మీద రికార్డు సృష్టించిన వి150 రైలులో కొన్ని చక్రాలను తిప్పినవి అలాంటి మోటార్లే. తక్కువ బరువు, తక్కువ వేడి, ఎక్కువ సామర్థ్యం వాటి గుణాలు. ఎలక్ట్రిక్ స్కూటర్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, కార్ల స్టీరింగులు, సీఎన్‌సీ యంత్రాలు, రోబో చేతులు కూడా వాటి మీదే నడుస్తున్నాయి. వేగంగా పరుగెత్తే బరువైన రైలుకు ఈ చిన్న కుదుపు పెద్ద లెక్క కాదు, దాని జడత్వమే మింగేస్తుంది. నెమ్మదిగా, కచ్చితంగా తిరగాల్సిన చోట మాత్రం అది పనినే చెడగొడుతుంది. స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది, సీఎన్‌సీ కోసిన నున్నని ఉపరితలం మీద గీతలై కనిపిస్తుంది.

ఈ పట్టు ఎక్కడ పుడుతుందో దగ్గరగా చూద్దాం. రోటార్ చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్ లోపలి అంచు నున్నని వలయం కాదు. రాగి తీగ చుట్టడానికి స్లాట్లు ఉండాలి, స్లాట్ల మధ్య ఇనుప పళ్లు ఉండాలి. అయస్కాంతానికి ఇనుమంటే ఆకర్షణ, స్లాట్ నోరు ఖాళీ. ఒక స్లాట్ నోటికి ఇరువైపులా ఉన్న పళ్ల మీద అయస్కాంత బలం సమానంగా పడితే, ఎడమ పన్ను లాగిన లాగుడును కుడి పన్ను లాగుడు రద్దు చేస్తుంది. కాబట్టి అయస్కాంతం నడిమి భాగం ఎన్ని స్లాట్లు దాటినా పెద్దగా గొడవ ఉండదు. తంటా అంతా అంచుతోనే. అంచు స్లాట్ నోటి మీదికి వచ్చేసరికి ఒక పన్ను మీద బలం నిండుగా, రెండో పన్ను మీద సగమో పావో పడుతుంది. అప్పుడు లాగుడు ఒక పక్కకే మొగ్గుతుంది.

ఇక ఆకారం సంగతి. మామూలు చాపపు అయస్కాంతానికి మందం అంతటా ఒకటే. కొసలు నిటారుగా తెగి ఉంటాయి, అందుకే అక్కడ ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, ఒక్కసారిగా పడిపోతుంది. నేర్పున్న డిజైనర్ పై వంపు కేంద్రాన్ని ఇరుసు కేంద్రం నుంచి కాస్త అయస్కాంతం వైపు జరిపి, చిన్న వ్యాసార్ధంతో గీస్తాడు. అప్పుడు అయస్కాంతం నడుమ ఉబ్బి, కొసలకు పోయేకొద్దీ పలచబడుతుంది. అడుగు చదునుగా, పైభాగం వంపుగా ఉండే రకాన్ని బ్రెడ్‌లోఫ్ అంటారు. ఉదాహరణకు నడుమ 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క కొసల దగ్గర 2.5 అవుతుంది. అరిగిన ఆ అర మిల్లీమీటరు వల్ల రోటార్‌కూ పళ్లకూ మధ్య ఎయిర్ గ్యాప్ అంచు దగ్గర పెరుగుతుంది, ఫ్లక్స్ క్రమంగా సన్నగిల్లుతుంది. పోల్ (ధ్రువం) నడుమ నుంచి ఎన్ని విద్యుత్ డిగ్రీలు జరిగామో ఆ కోణపు కొసైన్‌తో గ్యాప్‌ను భాగించినట్టు పెంచుకుంటూ పోతే, ఫ్లక్స్ ఇంచుమించు సైన్ తరంగంలా పరుచుకుంటుంది.

ఈ పనితనంలోని తెలివి రెండు లెక్కల్లో ఉంది. మోటారు చేసే పనికొచ్చే టార్క్ ఫ్లక్స్‌కు అనులోమానుపాతంలో ఉంటుంది. కాగింగ్ టార్క్ మాత్రం ఫ్లక్స్ వర్గాన్ని బట్టి పోతుంది. ఒకచోట ఫ్లక్స్‌ను సగం చేస్తే అక్కడి కాగింగ్ లాగుడు సుమారు పావుకు దిగుతుంది. ఇదొక లాభం. రెండోది ఇంకా ముచ్చటైనది. సైన్ తరంగపు కరెంటుతో నడిచే మోటారులో పోల్ నడుమ ఉన్న అయస్కాంతమే ఎక్కువ పని చేస్తుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి పనిలో దాని వాటా దాదాపు సున్నాకు జారుతుంది. అంటే తక్కువ పని, ఎక్కువ చేటు చేసే చోటునే వెతికి మరీ అరగదీస్తున్నారన్నమాట. పోగొట్టుకున్న టార్క్ కొద్ది శాతం, వచ్చిన నెమ్మది ఎన్నో రెట్లు. వేరే భాగమేదీ చేర్చకుండా, ఉన్నదాన్నే కాస్త తగ్గించి సాధించిన ఫలితం ఇది.

అయస్కాంతం వెడల్పులోనూ ఇలాంటి కిటుకే ఉంది. 1988లో లీ, గోర్డన్ స్లెమన్ అనే పరిశోధకులు, అయస్కాంతం వెడల్పు పక్కపక్క పళ్ల మధ్య దూరానికి పూర్ణ గుణిజం కన్నా కొంచెం ఎక్కువ ఉంటే కాగింగ్ బాగా తగ్గుతుందని చూపించారు. ఒక అంచు ముందుకు లాగే వేళకు రెండో అంచు అంతే బలంతో వెనక్కి లాగుతుంది, తాడులాటలో సరిజోడు జట్లలాగా. ఆ కొంచెం ఎక్కువ ఎందుకంటే, ఫ్లక్స్ గీత గీసినట్టు అంచు దగ్గర ఆగదు, పక్కలకు చిందుతుంది.

స్లాట్లు, పోల్స్ సంఖ్యల ఎంపిక మరో మెట్టు. ఒక చుట్టులో ఎన్నిసార్లు పట్టు తగులుతుందో ఆ రెండు సంఖ్యల కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) చెబుతుంది. 12 స్లాట్లు, 8 పోల్స్ అయితే 24 సార్లు. అవే 12 స్లాట్లకు 10 పోల్స్ పెడితే 60 సార్లు. సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో పట్టు బలం తగ్గుతుంది. 9 స్లాట్లు, 8 పోల్స్‌కు 72 వస్తుంది గానీ, అక్కడ రోటార్‌ను ఒక పక్కకు లాగే అసమతుల్య బలం తగులుకుని మోటారు మోత పెడుతుంది. ఏ మంచి సంఖ్య అయినా దాని ఖరీదు వసూలు చేయకుండా ఊరుకోదు. 12, 10 జంటలో ఒక్కో పట్టు వెడల్పు 6 డిగ్రీలు. రోటార్‌ను పొడవులో రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని 3 డిగ్రీలు తిప్పి బిగిస్తే, ఒక ముక్క లాగినప్పుడు రెండోది తోస్తుంది. ప్రధాన పట్టు రద్దవుతుంది.

ఇంతవరకూ కాగితం మీది లెక్క. దాన్ని లోహంలో నిలబెట్టడం చేతిపని. నియోడిమియం అయస్కాంతం పొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి చేసిన పెళుసు ముక్క. దాన్ని వజ్రపు చక్రంతో, నీళ్లు పోస్తూ సానపట్టాలి. దాని పొడి మండే స్వభావం కలది, తడి లేకపోతే నిప్పు రాజుకోవచ్చు. తర్వాత నికెల్ పూతో ఎపాక్సీ పూతో వేయాలి. అన్ని ముక్కలూ ఒకే మందంతో, ఒకే బలంతో, రోటార్ మీద సమాన దూరంలో కూర్చోవాలి. ఎందుకంటే పైన చెప్పిన రద్దులన్నీ సమానత్వం మీదే నిలబడ్డాయి. 12, 10 మోటారులో ఒక్క అయస్కాంతం కాస్త జరిగి అతుక్కుందనుకోండి. చుట్టుకు 60 సార్లు రావాల్సిన సన్నని పట్టుకు తోడు, 12 సార్లు వచ్చే ముతక పట్టు బయటపడుతుంది. స్టేటర్ గుండ్రనం తప్పినా, ఒక పన్ను వంగినా 10 సార్లు వచ్చేది కనిపిస్తుంది. టార్క్ గీతను చూసి తప్పు రోటార్‌దా, స్టేటర్‌దా అని విప్పకుండానే చెప్పగలిగిన పనివాడు నిజంగా మోటారు నాడి పట్టినట్టే.

ఇలాంటి శాశ్వత అయస్కాంతాలు మన దగ్గర తయారు కావడం మొదలైంది గానీ చాలదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ అరుదైన మూలకాల అయస్కాంతాల మీద దశాబ్దాలుగా పనిచేసింది. దాని సాంకేతికత, భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) సాంకేతికత కలిసి విశాఖపట్నంలో ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ కర్మాగారం అయింది. 2023 మే 11న జాతికి అంకితమైన ఆ ప్లాంటు సామర్థ్యం ఏటా 3,000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు. అవి ముఖ్యంగా అణుశక్తి, రక్షణ, అంతరిక్ష రంగాలకు. స్కూటర్లకూ ఫ్యాన్లకూ కావలసిన నియోడిమియం రకం ఎక్కువగా చైనా నుంచే వస్తోంది. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టగానే మన వాహన కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. అదే ఏడాది నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ లక్ష్యంగా 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది.

డబ్బుతో కొలిములు వస్తాయి. అంచును ఎక్కడ ఎంత అరగదీయాలో తెలిసిన చేతులు మాత్రం చదువుతోనూ సాధనతోనూ రావాలి. కొండకల్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు చాలానే ఉన్నాయి. ఫెమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మోటారు అడ్డకోత గీసి, రోటార్‌ను డిగ్రీలో పదో వంతు చొప్పున తిప్పుతూ టార్క్ లెక్కగడితే ఒక విద్యార్థి సాయంత్రానికల్లా అంచు మహిమ చూడగలడు. ఆ తర్వాత పాత బీఎల్‌డీసీ మోటారు ఇరుసుకు చిన్న చేయి బిగించి, దాని కొసకు కొలత తెలిసిన బరువులు తగిలిస్తూ, ఏ బరువుకు రోటార్ పట్టు వదిలిందో రాసుకోవాలి. తెర మీది గీతా బరువుల లెక్కా ఎక్కడ కలిశాయి, ఎక్కడ విడిపోయాయి, ఎందుకు విడిపోయాయి అని అడగడం అలవాటైన విద్యార్థులే రేపు ఈ అయస్కాంతాలకు ఆకారం ఇవ్వగలరు. ఈ ప్రయోగం ప్రతి కాలేజీ ల్యాబ్ పుస్తకంలో ఉండాలి.