రేనాటి వీరగాథలు - డిజిటల్ యుగము

ఎవరిని స్మరింపవలెనో తనకు తాను నిర్ణయించుకొన్న జనసముదాయమే జాతి. ఈ నిర్ణయమును చరిత్రకారులకంటె ముందుగా గాయకులు చేయుచుందురు. దీనికి రేనాటిసీమ జానపదగాథలు రెండు చక్కని నిదర్శనములు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 లో కుంఫిణీవారిపై తిరుగబడి, 1847 ఫిబ్రవరి 22 వ తేదీన కోయిలకుంట్లలో ఉరితీయబడెను. పాలెగాండ్ర భరణములను గూర్చిన తగవు ఆ తిరుగుబాటునకు ఒక కారణము. కుంఫిణీవారి దృష్టిలో ఆతడు రాజద్రోహి. పాట ఆ సొంత తగవును సీమవారందఱి అవమానముగా మార్చి, ఆతని వీరునిగా నిలిపినది.

ఉయ్యాలవాడవాడే యైన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కఱవులో అన్నార్తులకు అన్నము పెట్టి ప్రాణములు నిలిపిన దాత. ఆంగ్లప్రభుత్వ మాతనికి స్వర్ణపతక మిచ్చి సత్కరించినది. పాలకులు ఒకనికి ఉరిత్రాడును, మఱియొకనికి పతకమును ఒసగిరి. జనులు ఇరువురకును పాటనే ఇచ్చిరి. పాలకుల తీర్పుతో నిమిత్తము లేక, కత్తికిని కబళమునకును సమగౌరవ మిచ్చిన ఈ వివేకమే జాతినిర్మాణమున కళ చేసిన పని. తంగిరాల వేంకట సుబ్బారావుగారు ఈ వీరులను ‘రేనాటి సూర్యచంద్రులు’ అని ఒక్క పేరున జతపఱచుట ఎంతయు సముచితము.

2019 అక్టోబరు 2 వ తేదీన విడుదలయైన ‘సైరా నరసింహారెడ్డి’ చలనచిత్రము నరసింహారెడ్డి గాథను పలుభాషలలో దేశమంతటికిని వినిపించినది. ఇది స్తుత్యము. కాని వెంగళరెడ్డి గాథ కంతటి వ్యాప్తి కలుగలేదు. దీనికి కారణము కళాస్వభావముననే యున్నది. యుద్ధము తెఱపై సులభముగా శోభించును. అన్నదానము దినదినము మరల మరల చేయు పని; అది మరల మరల వచ్చు పల్లవిలోనే ఒదుగును. కావున తెఱ ప్రబలినకొలది సూర్యుడు మిగిలి చంద్రుడు మఱుగగు ప్రమాదము గలదు.

నేడు నంద్యాల జిల్లా పగిడ్యాలలోని యువకుడు తన చేతిలోని ఫోనులో ఆ యుద్ధదృశ్యములను క్షణములో చూడగలడు. పొరుగు పల్లెలోని వృద్ధగాయకుని పాటను అట్లు వినగలడా? ఎవరో ఒకరు దానిని ధ్వనిముద్రణము చేసి యుంచిననే అది సాధ్యము. నిందింపవలసినది యంత్రమును కాదు. దాని యెదుట మనము ఏ పాటను ఉంచుచున్నామో విచారింపవలెను.

కావున మన పరిశోధకులు గాయకుని అనుమతితో ప్రతి పాటను పాడినవారి పేరు, ఊరు, కాలము సహా డిజిటల్ రూపమున భద్రపఱుపవలెను. ఒక పాఠమును సరియైనదిగా నిలిపి తక్కినవానిని త్రోసివేయరాదు. పాఠభేదములు దోషములు కావు. ప్రతి పల్లె ఆ గాథలో తన వంతు కలిపినదనుటకు అవి సాక్ష్యములు. చంపినవానిని ఎదిరించినవానితోపాటు ఆకలిని ఎదిరించినవానిని కూడ స్మరించు జాతియే సంపూర్ణమైన జాతి.