వరుస కట్టినవారి పేరు

అహోబిలం నవనారసింహుల మీద వచ్చే వీడియోల్లో వెనక వినిపించేది చాలాసార్లు అన్నమయ్య కీర్తనే. ఆ కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయే గాని స్వరం లేదు. ఆ లోటు తీర్చింది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి పెద్దలు. పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలి, చరణంలో ఏ మాట దగ్గర నిలవాలి, అన్నీ వాళ్లే కూర్చారు. ఎంత గొప్ప పని! సాహిత్యం అందరిదీ, వరుస మీద మాత్రం స్వరకర్త పోయాక 60 ఏళ్లు హక్కుంటుంది. శర్మగారు పోయింది 1979లో, అంటే ఆయన వరుసల మీద హక్కు ఇంకా ఉంది. ఆన్‌లైన్ మ్యూజిక్ లైబ్రరీలో స్వరకర్త పేరు బదులు 'ట్రెడిషనల్' అని రాసి పడేస్తే ఆ శ్రమంతా గల్లంతే. 2012 కాపీరైట్ చట్టసవరణ స్వరకర్తల రాయల్టీకి అండగా నిలిచింది. లైబ్రరీలకు పాటలు పంపే కుర్ర సంగీత దర్శకులారా, స్వరకర్త గడిలో అసలు పేరు రాయండి.