కారు కిందికి దూరకుండానే ఆయిల్ మార్పు

ఇంజన్ ఆయిల్ మార్చడమంటే మనకు తెలిసిన దారి ఒక్కటే. బండిని గుంత మీదికి ఎక్కించాలి, లేదంటే జాకీ పెట్టి లేపాలి. మెకానిక్ కిందికి దూరి పానాతో ఛాంబర్ నట్టు విప్పుతాడు. కింద పెట్టిన తొట్టిలోకి నల్లటి ఆయిల్ దిగుతుంది. విజయవాడ ఆటోనగర్ నుంచి వీధి చివరి షెడ్డు దాకా ఇదే పద్ధతి. ఇంటి దగ్గర మనమే చేసుకుందామనుకుంటే అడ్డుపడేదీ ఇదే. అపార్ట్‌మెంట్ సెల్లారులో గుంత ఎక్కడిది? ఒక్క జాకీని నమ్ముకుని టన్ను బరువు కిందికి దూరడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఆయిల్‌ను పైనుంచి లాగేసే దారి ఇంకొకటుంది. బానెట్ ఎత్తి, ఆయిల్ గేజీ బయటికి తీసి, ఆ గొట్టంలోంచి సన్నని ట్యూబును ఛాంబర్ అడుగుదాకా దింపి వాక్యూమ్ పంపుతో తోడేస్తారు. పడవల వాళ్లకు ఇది ఎప్పటి నుంచో అలవాటే. పడవ అడుగున బిగించిన ఇంజన్ కింద చెయ్యి పట్టదు, తొట్టి పెట్టే జాగా అసలే ఉండదు. కార్లలోనూ దీనికి చోటు దొరికింది. మెర్సిడెస్ కార్లు చాలావాటికి ఫిల్టర్ ఇంజన్ పైభాగానే ఉంటుంది కాబట్టి వర్క్‌షాపుల్లో పైనుంచి లాగడం మామూలే. 1998లో యూరప్‌లో వచ్చిన తొలితరం స్మార్ట్ కారుకైతే కింద డ్రెయిన్ నట్టే పెట్టలేదు.

పంపు పని, గాలి బలం

పరికరం పెద్ద చిక్కేమీ కాదు. ఆరేడు లీటర్లు పట్టే గట్టి ప్లాస్టిక్ డబ్బా, దాని మీద చేతిపంపు, పక్కన గొట్టం. హ్యాండిల్‌ను పది ఇరవై సార్లు కొడితే డబ్బాలోని గాలి చాలావరకు బయటికి పోతుంది. మన చుట్టూ ఉన్న గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో చొప్పున అన్నిటి మీదా బరువు మోపుతూనే ఉంటుంది. ఛాంబర్‌లోని ఆయిల్ మీద ఆ ఒత్తిడి ఉంది, డబ్బాలో తగ్గింది. కాబట్టి ఆయిల్ ట్యూబులోంచి పైకెక్కి డబ్బాలో పడుతుంది. కొబ్బరి బొండంలో స్ట్రా వేసుకున్నప్పుడు జరిగేదీ ఇదే.

బ్యాటరీకి తగిలించే పన్నెండు వోల్టుల పంపులూ దొరుకుతాయి. వాటితో పెట్రోల్ మాత్రం ఎప్పుడూ తోడకూడదు. మోటారు నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి.

పని తీరు

ఆయిల్ చల్లగా ఉంటే చిక్కగా ఉంటుంది, సన్నని ట్యూబులో కదలదు. అందుకే ఇంజన్‌ను ఐదు పది నిమిషాలు నడిపి, ఆపాక మరో పది నిమిషాలు ఆగాలి. ఈలోగా పైభాగాల్లోని ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది, అడుగున ఉన్న మసి కూడా ఆయిల్‌లో కలుస్తుంది. మరీ వేడి మీద మొదలుపెడితే చెయ్యి కాలుతుంది. ట్యూబు మెత్తబడి, పీల్పుకు నొక్కుకుపోతుంది కూడా.

బండి సమతలం మీద ఉండాలి. ఆయిల్ పోసే మూత తీసి పెట్టాలి. ట్యూబును మెల్లగా దించుతూ పోతే ఒకచోట అడుగు తగిలినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆపేయాలి. ఇంకా తోస్తే కొన మెలిక తిరిగి పైకి లేస్తుంది, అడుగు ఆయిల్ అక్కడే ఉండిపోతుంది. పంపు కొట్టాక ముందు ధారగా వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి గరగరమనే చప్పుడు. అంతటితో అయిపోయిందనుకోవద్దు. ట్యూబును అంగుళం పైకి లాగి, కాస్త తిప్పి మళ్లీ దించితే ఇంకొంత వస్తుంది.

ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనది డబ్బా మీది కొలత గీతలు. చిన్న పెట్రోల్ కార్లకు మూడు, మూడున్నర లీటర్లు, పెద్ద డీజిల్ బండ్లకు ఆరేడు లీటర్లు పడుతుంది. మాన్యువల్‌లో రాసిన లెక్కతో బయటికి వచ్చింది పోల్చి చూస్తే లోపల ఎంత మిగిలిందో తేలుతుంది, బండి ఆయిల్ తాగుతోందేమో కూడా బయటపడుతుంది. కొత్త ఆయిల్‌ను లెక్కకన్నా కాస్త తక్కువే పోసి, గేజీ చూసి, ఓ నిమిషం ఇంజన్ నడిపి ఆపి, మళ్లీ చూసి సరిచేయాలి. గ్రేడు విషయంలో మాన్యువల్ మాటే వేదం. ముఖ్యంగా పొగ గొట్టంలో మసి ఫిల్టర్ ఉన్న బీఎస్6 డీజిళ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పొయ్యాలి.

ఎక్కడ పనికిరాదు?

పైనుంచి లాగితే మడ్డి అడుగునే ఉండిపోతుందనేది మెకానిక్‌ల అభ్యంతరం. దీన్ని కొట్టిపారేయలేం. ఇప్పటి ఆయిళ్లలో మసిని పేరుకోనివ్వకుండా తేలుతూ ఉంచే రసాయనాలు కలుపుతారు కాబట్టి, వేళకు ఆయిల్ మార్చే బండికి బెంగ లేదు. ఏళ్ల తరబడి పట్టించుకోని ఇంజన్‌కు మాత్రం నట్టు విప్పి దించడమే మంచిది. కొన్ని ఇంజన్లలో గేజీ గొట్టం అడుగుదాకా పోదు. కొన్ని కొత్త కార్లకు గేజీయే ఉండదు, సెన్సరే లెక్క చెబుతుంది. మొదటిసారి లాగాక ఓసారి షెడ్డులో నట్టు కూడా విప్పించి చూస్తే మీ బండికి ఈ పద్ధతి ఎంత నప్పుతుందో తేలిపోతుంది.

అసలు చిక్కు ఫిల్టర్‌ది. అది కింద ఉంటే ఎలాగూ దూరాల్సిందే, లాగి మిగిల్చుకున్న శ్రమేమీ లేదు. పైన ఉంటేనే ఈ పద్ధతికి పూర్తి ఫలితం. అల్యూమినియం ఛాంబర్‌కు నట్టు బిగించీ విప్పీ మరలు పోయే బెడదా తప్పుతుంది. అయితే కిందికి వెళ్లని మనిషికి కింది లీకులు కనిపించవు. అందుకని అప్పుడప్పుడూ బండిని లిఫ్ట్ ఎక్కించి చూపించాలి. వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ సర్వీసుకే వెళ్లడం మేలు.

కాలిన ఆయిల్ మాటేమిటి?

మన దగ్గర కాలిన ఆయిల్‌ను సెంట్రింగ్ రేకులకు పూస్తారు, చెద పట్టకుండా కర్రలకు రాస్తారు. మిగిలింది కాలవ పాలు. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. దాన్ని రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారుల మీదా పెట్టారు. అమెరికాలో ఉన్న మనవాళ్ల దగ్గరైతే ఆటోజోన్ లాంటి దుకాణాలు చాలాచోట్ల పాత ఆయిల్‌ను ఉచితంగా తీసుకుంటాయి. ఇక్కడైతే గట్టి మూత ఉన్న డబ్బాలో నీళ్లూ పెట్రోలూ కలవకుండా పోసి, రీసైక్లర్లకు ఇచ్చే గ్యారేజీకి అప్పగించాలి.

పంపు కొనేముందు రెండు పనులు చేయండి. బానెట్ ఎత్తి ఫిల్టర్ ఎక్కడుందో చూడండి. కాలిన ఆయిల్ ఎవరు తీసుకుంటారో కనుక్కోండి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడమే తెలివైన పని.